మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉంటే మీ గొంతెందుకు పట్టేస్తోంది?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళ కోసం క్లుప్తంగా చెబుతాను. మీకు 36 ఏళ్ళు, ప్రొద్దుటూరులో ఉంటున్నారు. ఆరేళ్ళ పాపకు రోజూ రాత్రి కథ చెబుతారు. ఏ కథైనా హాయిగా చెప్పేస్తారు గానీ, బాలనాగమ్మ కథలో, ప్రాణాన్ని చిలకలో దాచుకున్న మాయల ఫకీరనే మాంత్రికుడు తల్లిని ఎత్తుకుపోయి, ఉయ్యాల్లో పిల్లవాడు మిగిలిపోయే చోట గొంతు పట్టేస్తోంది. పాప అడిగితే దగ్గు వచ్చిందని తప్పించుకుంటున్నారు. ఇంటర్నెట్‌లో వెతికితే మాంత్రికుడంటే తండ్రి అంటే ఉండే భయమని, చిలకంటే ఆత్మ అని, సముద్రమంటే మనసు అడుగు పొర అని తలా ఒకటి రాశారు. "పెద్దవాళ్ళకు ఈ కథల్లో నిజంగా మానసికమైన అర్థం ఉందా, లేక నాకే ఏదైనా సమస్యా?" అని అడిగారు. చివర్లో, బ్రాకెట్లో, ఇంకో మాట రాశారు. మీకు నాలుగేళ్ళప్పుడు అమ్మ కువైట్‌కు ఇంటిపనికి పోయింది. పదకొండేళ్ళు అవ్వ దగ్గర పెరిగారు. ఇప్పుడు అమ్మ మీతోనే ఉంది. మీరు ఈ కథ మొదలుపెట్టగానే ఆమె లేచి వంటింట్లోకి పోతుంది.

ఆ బ్రాకెట్ దగ్గరికి తర్వాత వస్తాను. అసలు విషయం అందులోనే ఉందని మీకూ తెలిసే ఉంటుంది.

నేను అనంతపురంలో ఇరవై ఆరేళ్ళుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. పుట్టింది తాడిపత్రి దగ్గర పల్లెలో. ఎండాకాలం రాత్రుళ్ళు మిద్దె మీద పడుకుని, పక్కన వేరుశనగ బుడ్డలు ఒలుస్తూ మా జేజి చెప్పిన కథలు విని పెరిగినదాన్ని. చదువుకునే రోజుల్లో ఆ కథలన్నీ పనికిరానివని పక్కన పెట్టేశాను. ఉద్యోగంలోకి వచ్చిన ఐదారేళ్ళకు మళ్ళీ తెచ్చుకున్నాను. పుస్తకాల్లోని మాటలతో కదలని మనుషులు "అనగనగా" అనగానే కాస్త కదలడం కళ్ళారా చూశాను కాబట్టి.

ముందు టెన్షన్ తీసేస్తాను. కథ చెబుతూ ఏడుపు రావడం జబ్బు కాదు. పెద్దయ్యాక పిల్లల కథలేమిటని సిగ్గుపడాల్సిన పనీ లేదు. ఆ మాటకొస్తే బాలనాగమ్మ ఏనాడూ పిల్లల కథ కాదు. పంటలు ఇంటికొచ్చాక ఊరి నడుమ గుడ్డి దీపం కింద తెల్లవార్లూ బుర్రకథగా చెబుతుంటే ముసలీ ముతకా కూర్చుని విని ముక్కు చీదిన కథ అది. పిల్లలు మొదటి జాములోనే నిద్రపోయేవాళ్ళు. 1947 జులైలో చందమామ మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన నాగిరెడ్డిగారు మీ కడప జిల్లాలోనే పుట్టారు. ఆ పత్రికను ఇంట్లో పిల్లలకన్నా ముందు లాక్కుని చదివింది తండ్రులే. మా నాన్న బేతాళ కథ చదవకుండా నా చేతికి ఇచ్చేవాడు కాదు. మా తాడిపత్రిలో పుట్టిన కె.వి. రెడ్డిగారు 1951లో తీసిన పాతాళభైరవిలో ఉన్నదీ ఒక మాంత్రికుడే. దాన్ని ఎగబడి చూసింది పిల్లలొక్కరే కాదు కదా.

ఇక అర్థాల సంగతి. మీరు చూసిన జాబితాలన్నీ పాత కలల పుస్తకాల్లాంటివి. పాము కనబడితే డబ్బు, పన్ను ఊడితే చావు అంటాయి చూడండి, ఆ రకం. వాటి వెనక పెద్ద పేర్లు లేకపోలేదు. మనోవిశ్లేషణకు ఆద్యుడైన ఫ్రాయిడ్ 1913లోనే కలల్లోకి చొరబడే కథల గురించి రాశాడు. అమెరికాలో మానసిక సమస్యలున్న పిల్లల బడి నడిపిన బ్రూనో బెటెల్‌హైమ్ 1976లో ఈ విషయం మీదే ఒక లావుపాటి పుస్తకం తెచ్చాడు. కథలు పిల్లల లోపలి భయాలకు ఒక రూపం ఇస్తాయని, సవతి తల్లి పాత్ర అందుకే పుట్టిందని అతని వాదన. కన్నతల్లి మీద వచ్చే కోపాన్ని పిల్ల ఆ పాత్ర మీదికి తోసేసి, మంచి అమ్మను భద్రంగా దాచుకుంటుందట. వినడానికి ఎంత బాగుందో! నేనూ కొన్నేళ్ళు ఇదే పాఠం అందరికీ ఒప్పజెప్పాను.

తర్వాత తెలిసింది, జర్మనీలో జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించబోయింది సవతి తల్లి కాదు, కన్నతల్లేనని. 1819 కూర్పులో ఆమెను వాళ్ళే సవతి తల్లిని చేశారు. అంటే మనం మనిషి మనసు లోతుల్లోంచి వచ్చిందనుకున్నది కాస్తా, ఇద్దరు పెద్దమనుషులు బల్ల ముందు కూర్చుని చేసిన దిద్దుబాటు! బెటెల్‌హైమ్ 1990లో చనిపోయాక అతని అర్హతల మీదా, అతని బడిలో పిల్లల పట్ల అతని తీరు మీదా తీవ్రమైన విమర్శలు వచ్చాయి. అయితే ఆ దిద్దుబాటు నాకు ఇంకో సంగతి నేర్పింది. కన్నతల్లి కూడా బిడ్డకు బాధ కలిగించగలదన్న మాట పిల్లలకన్నా ముందు పెద్దవాళ్ళకే మింగుడుపడలేదు. అందుకే మార్చుకున్నారు. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మీకు పనికొస్తుంది.

కాబట్టి నన్నడిగితే, చిలకకు అర్థమేమిటి అన్నది పక్కన పెట్టేయండి. ఇంత పెద్ద కథలో మీరు ఎక్కడ ఆగిపోయారు అన్నది చూడండి. ఒకే కథకు ఒకరు ఒకచోట ఆగితే ఇంకొకరు మరోచోట ఆగుతారు. పదేళ్ళప్పుడు ఆగిన చోట నలభైలో ఆగరు. మా జేజి ఈ కథ చెప్పినప్పుడు నేను చిలక మెడ తిప్పే ఘట్టం కోసం ఊపిరి బిగబట్టుకుని కూర్చునేదాన్ని. పెళ్ళయిన కొత్తలో గుర్తొచ్చేది, వ్రతం ఉందని సాకు చెప్పి ఏళ్ళ తరబడి ఫకీరును దూరం పెట్టిన బాలనాగమ్మ తెలివి. ఇప్పుడు అరవై దాటాక, నమ్మరు గానీ, ఆ ఫకీరు మీదే జాలి వేస్తోంది.

ఇంకో ఉదాహరణ చెబుతాను. ఇది నేను పనిలో అన్నిటికన్నా ఎక్కువ వాడిన కథ. రాజుగారి ఏడుగురు కొడుకులు వేటకెళ్ళి ఏడు చేపలు తెచ్చి ఎండబెట్టారు. ఒకటి ఎండలేదు. (ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే అదే పదివేలు అనుకునే మా జిల్లాలో చేప ఎండలేదంటే నమ్మేదెవరు? చిన్నప్పుడు నా మొదటి సందేహం ఇదే.) చేపా చేపా ఎందుకు ఎండలేదంటే గడ్డిమోపు అడ్డమొచ్చింది. గడ్డిమోపు ఎందుకు అడ్డమొచ్చిందంటే ఆవు మేయలేదు. ఆవు ఎందుకు మేయలేదంటే పిల్లగాడు మేపలేదు. వాడికి అవ్వ బువ్వ పెట్టలేదు. అవ్వ చంకలో బిడ్డ ఏడ్చింది. బిడ్డను చీమ కుట్టింది. చీమా చీమా ఎందుకు కుట్టావంటే, "నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా?"

ఆదోని వైపు నుంచి ఒకాయన వచ్చాడు, యాభై దాటినవాడు. వివరాలు మార్చి చెబుతున్నాను. కూరలో ఉప్పు తగ్గితే పళ్ళెం విసిరేసే దాకా వచ్చాడని భార్య తీసుకొచ్చింది. ఎందుకంత కోపం అని అడిగితే "ఏమో మేడమ్, వస్తాది" అంటాడు. మూడుసార్లు వచ్చినా అదే జవాబు. నాలుగోసారి ఏడు చేపల కథ వచ్చా అని అడిగాను. ఇదేం ప్రశ్న అన్నట్టు నవ్వాడు. "సరే, మీ చేప ఎందుకు ఎండలేదో వెనక్కి పోదాం పట్టండి" అన్నాను. ఉప్పు నుంచి బయలుదేరాం. ముందు రోజు నిద్ర లేదు. నిద్ర ఎందుకు లేదంటే వడ్డీ లెక్కలు. వడ్డీ ఎందుకంటే కొత్తగా బోరు వేయించాడు. ఉన్న బావి ఏమైంది అంటే చాలాసేపు మాట్లాడలేదు. ఆ బావి ఉన్న చేను తమ్ముడు ఈయనతో ఒక్క మాటైనా చెప్పకుండా బేరం పెట్టేశాడు. "నా పుట్టలో వేలు పెట్టినాడు మేడమ్" అని తనే అన్నాడు. తమ్ముడితో మాత్రం ఆర్నెల్లుగా మామూలుగానే మాట్లాడుతున్నాడు. కుట్టింది భార్యను.

ఆ కథలో అందరూ తప్పు పక్కవాడి మీదికి నెట్టేస్తారు. చీమ ఒక్కటే "అవును, నేనే కుట్టాను, ఇదీ కారణం" అంటుంది. పెద్దవాళ్ళకు అందులో ఉన్న సంగతి అది. నాలుగేళ్ళ పిల్లకు అది ఉత్త గొలుసు పాట, ఊపు కోసం చెప్పించుకుంటుంది. అదే కథ, అవే మాటలు.

సూటిగా అడిగితే చెప్పనివాడు చీమ వంక పెట్టి ఎందుకు చెప్పాడు? అనగనగా అన్న మాట చేసే పని అదే. ఇది నీ గురించి కాదులే, ఎవరో రాజు గురించి అని మనసుకు ఒక సందు ఇస్తుంది. ఆస్ట్రేలియాలో మైకేల్ వైట్, న్యూజీలాండ్‌లో డేవిడ్ ఎప్‌స్టన్ అని ఇద్దరు చికిత్సకులు ఈ ఉపాయాన్నే ఒక పద్ధతిగా తయారుచేశారు. సమస్యను మనిషి నుంచి విడదీసి, దానికో పేరు పెట్టి, బయట నిలబెట్టి మాట్లాడటం అన్నమాట. మన కథలు ఆ పని ఎప్పటి నుంచో చేస్తున్నాయి. ఇంకోటి, ఊ కొట్టడం. మేము ఊ కొట్టడం ఆపితే మా జేజి కథ ఆపేసేది. ఎదుటి మనిషి చెబుతుంటే తీర్పు చెప్పకుండా, సలహా ఇవ్వకుండా, వింటున్నానని మాత్రం తెలియజేయడం మాకు ట్రైనింగ్‌లో నెలల తరబడి నేర్పారు. ఆ రోజుల్లో నాకు నవ్వొచ్చేది, ఇది నాకు ఐదేళ్ళప్పుడే వచ్చు కదా అని.

ఇప్పుడు మీ బ్రాకెట్ దగ్గరికి వస్తాను.

వ్లదిమీర్ ప్రోప్ అనే రష్యా పండితుడు 1928లో వాళ్ళ మాయకథలను విడగొట్టి చూసి, వాటిలో మళ్ళీ మళ్ళీ వచ్చే 31 ఘట్టాలను వరసగా పెట్టాడు. వాటిలో మొదటిది ఏమిటో తెలుసా? ఇంట్లోంచి ఒకరు వెళ్ళిపోవడం. ఎవరో ఒకరు గడప దాటితేనే కథ నడుస్తుంది. రాయచోటి, రాజంపేట, కడప పల్లెల్లో ఎన్ని ఇళ్ళలో ఈ మొదటి ఘట్టం నిజంగా జరిగిందో మీకు నేను చెప్పక్కర్లేదు. చాలా ఇళ్ళలో వెళ్ళింది తండ్రి కాదు, తల్లి.

బాలనాగమ్మ కథను పాప పక్కలో కూర్చుని మీరు ఎవరిలా చెబుతున్నారు? నా అంచనా, ఉయ్యాల్లో మిగిలిన పిల్లవాడిలా. ఆ పిల్లవాడు, బాలవర్ధి, పెద్దమ్మల దగ్గర పెరిగి, మా అమ్మ ఏది అని అడిగి, వెతుక్కుంటూ పోయి తెచ్చుకుంటాడు. మీరు నాలుగేళ్ళ పిల్ల. మీకు ఓడా లేదు, మోసుకుపోయే పక్షీ లేదు. మీకు జరగనిది కథలో అతనికి జరుగుతుంది. అందుకే గొంతు పట్టేస్తోంది అనుకుంటున్నాను. నా మాట తప్పయితే కొట్టిపారేయండి. మీ గొంతు సంగతి నాకన్నా మీకే బాగా తెలుసు.

కార్ల్ యూంగ్ అనే మనస్తత్వవేత్త శిష్యురాలు మేరీ లూయిస్ ఫాన్ ఫ్రాంజ్, కథలోని పాత్రలన్నీ ఒకే మనసులోని భాగాలుగా చూడొచ్చని చెప్పింది. అదే సత్యమని నేననను, కానీ అప్పుడప్పుడు ఆ వేషాలన్నీ వేసుకుని చూడటం మంచిది. ఒకసారి ఫకీరు వేషం వేసి చూద్దాం. ప్రాణాన్ని ఒంట్లో ఉంచుకుంటే ఎవడైనా పొడుస్తాడని, ఏడు సముద్రాల అవతల చిలకలో దాచిపెట్టిన మనిషి. రష్యా కథల్లో కష్చేయ్ అనే వాడు తన ప్రాణాన్ని సూది మొనలో పెట్టి, ఆ సూదిని గుడ్డులో దాస్తాడు. దూర దూర దేశాల్లో ఇదే కథ ఉంది, జానపద కథల పట్టికలో దీనికి 302 అని నంబరు కూడా ఉంది. మనం మామూలు మాటల్లోనే అంటాం కదా, "ఆమె ప్రాణమంతా ఆ పిల్ల మీదే" అని.

ఇప్పుడు మీ అమ్మ వేషం. ఒళ్ళేమో కువైట్‌లో ఎవరి ఇంట్లోనో గిన్నెలు తోముతోంది. ప్రాణం సముద్రాల ఇవతల, అవ్వ ఇంట్లో నాలుగేళ్ళ పిల్లలో ఉంది. చూశారా, చిలకకు అర్థం చెప్పొద్దని పైన అంత గట్టిగా చెప్పి, ఇక్కడ నేనే చెప్పేస్తున్నాను. వయసు మీదపడితే ఇలాగే ఉంటుంది. కానీ ఆమె వంటింట్లోకి ఎందుకు పోతోందో దీన్నిబట్టి కాస్త తెలియడం లేదూ? ఈ కథలో తల్లిని ఎత్తుకుపోయారు. కుక్కను చేసి తీసుకుపోయారు, ఆమె తప్పేమీ లేదు. మీ అమ్మ తనంతట తనే బస్సెక్కి, విమానమెక్కి పోయింది. అప్పులో, కరువో, మీ నాన్న సంగతో, ఆ రోజు ఆమెను తోసిన మాంత్రికుడెవరో మీరు రాయలేదు. ఊళ్ళో జనానికి మాత్రం ఆ మాంత్రికుడు కనబడడు. పిల్లను వదిలిపోయిన తల్లే కనబడుతుంది. మీ కథ విన్న ప్రతిసారీ ఆమెకు ఆ జనం మాటలు వినబడుతున్నాయేమో.

అదే సమయంలో, ఆమె కష్టం అర్థమైంది కాబట్టి మీకు కోపం ఉండకూడదని నేననను. గ్రిమ్ సోదరులు చేసిన దిద్దుబాటు మీరు చేయనక్కర్లేదు. అమ్మ మంచిదే, అమ్మ వెళ్ళిపోవడం మీకు దెబ్బే. రెండూ ఒక మనిషిలోనే ఉండొచ్చు.

మీరు చెప్పే "దగ్గు" గురించి ఒక కథ. కన్నడ కథ, ఎ.కె. రామానుజన్ సేకరించి అచ్చువేశాడు. బళ్ళారి మా పొరుగే కాబట్టి పరాయి కథగా అనిపించదు నాకు. ఒకామెకు ఒక కథ, ఒక పాట వచ్చు. ఎవరికీ చెప్పదు. లోపల ఉక్కపోసి ఒకరోజు ఆమె నోరు తెరిచి నిద్రపోతుంటే రెండూ బయటపడ్డాయి. కథ చెప్పుల జత అయి గుమ్మంలో కూర్చుంది, పాట కోటు అయి కొయ్యకు వేలాడింది. మొగుడు వచ్చి చూసి, ఇవి ఎవరివి అని గొడవపడి, అలిగి హనుమంతుడి గుడికి పోయి పడుకున్నాడు. ఊళ్ళో ఆర్పిన దీపాల జ్వాలలన్నీ రాత్రి ఆ గుడికి చేరి కబుర్లాడుకుంటాయి. ఆలస్యంగా వచ్చిన ఒక జ్వాల ఈ ఇంట్లో జరిగిందంతా మిగతావాటికి చెబితే ఆయన విన్నాడు. తెల్లారి ఇంటికొచ్చి, నీ కథ ఏమిటి, పాట ఏమిటి అని భార్యను అడిగాడు. ఆమె "ఏ కథ? ఏ పాట?" అంది.

ఆ కథ మొదటిసారి చదివిన రోజు నేను పని మానేసి ఇంటికొచ్చేశాను.

అలాగని దాచినవన్నీ కక్కేయాలని కాదు. బేతాళుడు విక్రమార్కుణ్ణి, జవాబు తెలిసీ చెప్పకపోతే తల పగులుతుందని బెదిరిస్తాడు. రాజు చెబుతాడు, శవం మళ్ళీ చెట్టెక్కుతుంది. చిట్టచివరి ప్రశ్నకు రాజు దగ్గర జవాబు లేదు. మౌనంగా నడుస్తాడు, ఆ మౌనానికే బేతాళుడు లొంగుతాడు. తెలిసి దాచే మౌనం వేరు, నిజంగా జవాబు లేని మౌనం వేరు. "నన్నెందుకు వదిలిపోయావు?" అని మీరు అమ్మను అడిగితే, ఆమె దగ్గర మీకు సరిపోయే జవాబు లేకపోవచ్చు. దాన్ని దాపరికం అనుకోకండి.

చేయగలిగిన పని ఒకటి చెబుతాను. నాలుగు రాత్రులు, రోజుకు పదిహేను నిమిషాలు కూర్చుని రాయండి. "నేను" అని కాకుండా, "అనగనగా ఒక ఊళ్ళో నాలుగేళ్ళ పిల్ల ఉండేది" అని మొదలుపెట్టండి. జేమ్స్ పెన్నెబేకర్ అనే అమెరికా మనస్తత్వవేత్త 1986లో విద్యార్థుల చేత వాళ్ళ బాధల గురించి ఇలాగే నాలుగు రోజులు రాయించాడు. రాసిన వెంటనే వాళ్ళకు దిగులుగా అనిపించింది గానీ, తర్వాతి నెలల్లో డాక్టరు దగ్గరికి పోవడం తగ్గింది. తర్వాత జరిగిన ఎన్నో పరిశోధనల్లో ఫలితం ఉంది గానీ చిన్నదేనని తేలింది. కాబట్టి అద్భుతాలు ఆశించకండి. "అనగనగా" మాత్రం నేను చేర్చిందే, నా దగ్గరికి వచ్చేవాళ్ళకు దానితో చేయి కదులుతుంది. రాసింది ఎవరికీ చూపించక్కర్లేదు. రాస్తుంటే నిద్ర పట్టకపోవడం, గుండె దడ, రోజంతా ఏడుపు లాంటివి రెండు వారాలు దాటితే మాత్రం ఆపేసి దగ్గర్లోని మానసిక వైద్యుల్ని కలవండి. దానికి కథలు చాలవు.

పాపకు ఈ కథ మానేయకండి. గొంతు పట్టేసినప్పుడు దగ్గు అని చెప్పకుండా, "ఇక్కడ నాకు దిగులేస్తుందే" అనండి. ఆరేళ్ళ పిల్లకు అది చాలు, కారణం ఇప్పుడే వద్దు. కథ కంచికి, మనం ఇంటికి అని చివర్లో తప్పకుండా చెప్పండి. ఆ దిగులు అక్కడే ఉండిపోతుందని, మనం తిరిగొచ్చేశామని పిల్లకు తెలియాలి.

అమ్మ విషయంలో నాకు తోచింది ఇది. ఈ కథ గురించీ, వెళ్ళిపోవడం గురించీ అడగొద్దు. అక్కడ ఆమె పనిచేసిన ఇంట్లో పిల్లలుండే ఉంటారు. వాళ్ళను నిద్రపుచ్చడానికి ఏం కథ చెప్పేదో, ఏ భాషలో చెప్పేదో అడగండి. పాప నిద్రపోయాక అడిగితే లాభం లేదు, ఇద్దరు పెద్దవాళ్ళే మిగిలితే ఆమె మళ్ళీ వంటింట్లోకే పోతుంది. పాప మేలుకుని ఉన్నప్పుడు, పాప చేతే అడిగించండి. మొదటిరోజు చెప్పకపోవచ్చు. చెప్పడం మొదలుపెడితే మాత్రం మధ్యలో ఏమీ అడగకండి, పాపతో పాటు మీరూ ఊ కొట్టండి.